పేరు అత్తగారిది, చెయ్యి కోడలిది

నేను ఒక నల్లటి చేతి పట్టీని. ఆ రోజు పొద్దున నిండా సబ్బు నురగలో మునిగి ఉన్నాను. సుధారాణి పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని, అన్నం గిన్నెకు అంటిన మాడును పీచుతో గీకుతోంది. ఆమె చెయ్యి గుండ్రంగా తిరిగినప్పుడల్లా నేను ఒక అడుగు లెక్క వేసుకుంటున్నాను. ఆమె పీట మీద నుంచి కదలనే లేదు. నా తెలివి అంతవరకే.

అసలు నేను ఉండవలసిన చెయ్యి అది కాదు.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో నా కడుపు కింద చిన్న ఆకుపచ్చ దీపాలు అమర్చారు. ఆ వెలుతురు చర్మంలోకి దూరి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసి చెబుతుంది. ఎవరి గుండె అన్నది మాత్రం నాకు తెలియదు. ఫోనులో ఏ పేరు రాస్తే ఆ పేరే నాకు దిక్కు. నాకు రాసిన పేరు వీరవేణమ్మ. ఆమె సుధారాణికి అత్తగారు. నన్ను కొన్నది ఆమె కొడుకు ఏడుకొండలు. కోనసీమలో కాలవ గట్టున ఉన్న కొత్తలంకలో అతనికి ఎరువుల కొట్టు ఉంది.

వీరవేణమ్మకు ఒకసారి కళ్లు తిరిగితే పట్నం తీసుకెళ్లారు. పరీక్షలన్నీ చేసి డాక్టరు, గుండె గట్టిగానే ఉంది, బీపీ మాత్ర మానకండి, ఒక్కచోట కూర్చోకుండా రోజూ తిరగండి అన్నాడట. ఆమె తిరుగుతోందో లేదో చూడడానికి నన్ను తెచ్చారు. మొదట్లో మా ఇద్దరికీ బాగానే కుదిరింది. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచేది. ఆగి కబుర్లలో పడితే నేను చిన్నగా వణికేదాన్ని. "ఉండవే, వత్తన్నాను" అని నన్ను కసిరి మళ్లీ అడుగు వేసేది. పట్టేసిన మోకాళ్లు సాగాయి. ఆ మంచి నా వల్లే జరిగిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అయితే నాలో ఇంకో గుణం ఉంది, చాడీలు చెప్పడం. గుండె ఒక హద్దు దాటితే తన ఫోను మోగేలా ఏడుకొండలు పెట్టుకున్నాడు. ఆ హద్దు డాక్టరు చెప్పింది కాదు. తనకు తోచింది.

శ్రీరామనవమి దగ్గరపడింది. ఆ ఊరి పందిట్లో ఆడవాళ్లు జడ కోలాటం వేస్తారు. పైన కట్టిన రంగుల తాళ్లు తలా ఒకటి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కోల వేస్తూ, ఒకరి కిందనుంచి ఒకరు దూరుతూ ఆడతారు. పాట సగానికి వచ్చేసరికి తాళ్లన్నీ ఒక్క జడగా అల్లుకుంటాయి. తిరిగి ఆడుతూ దాన్ని విప్పాలి. ఒక్కరు తప్పితే జడ ముడిపడిపోతుంది. పాట అందుకుని అందరినీ నడిపించేది వీరవేణమ్మ. ఆమెను చూసే మిగతావాళ్లు అడుగు వేస్తారు.

రామమందిరం ముందు సాధన మొదలైన సాయంత్రం ఆమె గుండె ఉత్సాహంగా పరుగెత్తింది. ఆడే మనిషి గుండె అలాగే పరుగెత్తుతుంది. నేను మాత్రం చాడీ చెప్పేశాను. ఏడుకొండలు బండి వేసుకుని వచ్చి, ఆట మధ్యలో, అందరి ముందూ తల్లిని వెనక ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. ఇక కోలాటం మాటెత్తొద్దన్నాడు. ఆమె కోలలు గూట్లో పెట్టి, ఆ పూట అన్నం సగంలో వదిలేసింది. వీరవేణమ్మ లేకపోతే ఈ ఏడు జడ వెయ్యలేమని ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి చెప్పి వెళ్లారు.

మర్నాడు సాయంత్రం సుధారాణి అత్తగారి పక్కన కూర్చుని నా బకిలు విప్పింది.

"ఇలా తెండి అత్తయ్యా. నాదీ చెయ్యే కదా."

"వాడికి తెలిస్తేనో?"

"తెలిసినప్పుడు చూద్దారి. మీరు ఎల్లండి, ఆలస్యవైపోతంది."

అలా నేను కోడలి చేతికి వచ్చాను. వీరవేణమ్మ సాయంత్రాలు కోలాటానికి, నేను పగలంతా చాకిరీకి. గేదెకు గడ్డి, పాకలో పేడ, మంచినీళ్ల క్యాను చంకన పెట్టుకుని నడక, పిండి రుబ్బడం, మేడ మీద ధాన్యం ఎండబోసి మళ్లీ ఎత్తడం. నా లెక్క పొద్దు పొడవకముందే మొదలై ఆగేది కాదు. హద్దు దాటుతూనే ఉండేది. కొట్లో ఫోను మోగుతూనే ఉండేది, బేరాలు వదిలి అతను రాలేకపోయేవాడు.

అంట్లు తోమిన ఆ రోజే మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఏడుకొండలు, ఫోను కంచం పక్కన పెట్టి తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"తెల్లారిన కాణ్ణించి ఒక్క నిమిషం కుదురుగా కూకున్నావా అమ్మా? ఇంత చాకిరీ చేత్తే మనిషన్నవాడు బతుకుతాడా? ఇంట్లో మనుషులు లేరా? సుధ ఏం చేత్తంది మరి?"

సుధారాణి అప్పుడు అతని కంచంలో వంకాయ కూర వడ్డిస్తోంది. నేను అతని ముక్కు కిందే ఉన్నాను.

వీరవేణమ్మ తొందరపడలేదు. చీర చెంగు తీసి ఖాళీ చెయ్యి చూపించింది. "అది నా చేతికి లేదురా కొండలూ. నీ కూరలో ఉంది చూడు."

అతను చూశాడు. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగలేదు. పులుసు కూడా పోసింది.

అతను నెమ్మదిగా, "మరి నీ గుండో?" అన్నాడు.

"నా గుండె అప్పట్నించీ కోలాటంలోనే ఉంది. ఏవైంది? డాక్టరుగారు తిరగమన్నాడు, కూకోమన్నది నువ్వు. ఆపాలనుంటే ఆ పిల్ల గుండె చూసి ఆ పిల్లని ఆపు."

అతను అన్నం ముద్ద వదిలేసి, ఎడమ చేత్తో ఫోనులో నా లెక్కలన్నీ జరుపుతూ చదివాడు. నన్ను పుట్టించినవాళ్లు కూడా నా లెక్కల్ని అంత శ్రద్ధగా చదివి ఉండరు. చివరికి, మీ ఇష్టం, నేను మాత్రం చూడ్డానికి రాను అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. సుధారాణి నన్ను విప్పి ఫోను పక్కన పెట్టింది. తన సంగతి ఏమిటో చూసుకుందామనుకున్నాడో ఏమో, అతను నన్ను తన చేతికే పెట్టుకున్నాడు. కొట్లో గల్లా ముందు కూర్చునే ఆ చేతి మీద నాకు పనే దొరకలేదు.

నవమి సాయంత్రం అత్తాకోడళ్లు పసుపు చీరలు కట్టుకుని, ఒకరి కొప్పులో ఒకరు కనకాంబరాలు తురుముకుని వెళ్లారు. ఒక తాడు సుధారాణి పట్టుకుంటుందట. ఏడుకొండలు అరుగు మీద కుర్చీ వేసుకుని ఒంటరిగా కూర్చున్నాడు.

మైకులో వీరవేణమ్మ గొంతు ఊరంతా పరుచుకుంది. తక్కిన ఆడవాళ్లు అందుకున్నారు. కోలలు ఒక్కసారిగా కలిసి మోగాయి. పాట నడక పెరిగింది, గొంతు తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఎక్కడ ఊపిరి అందక ఆగుతుందోనని అతను కుర్చీ అంచుకు జరిగాడు. నా కింద అతని గుండె దడదడలాడింది. అంత వేగం నేను గేదె పాకలో కూడా చూడలేదు. అతని జేబులో ఫోను, వీరవేణమ్మ గుండె హద్దు దాటిందని మోగింది. అతను దాన్ని తీసి నోరు నొక్కేశాడు.

జడ పడిందని మైకులో ఎవరో అన్నారు. ఈలలు, చప్పట్లు. అవి సద్దుమణగకముందే ఆ గొంతు మళ్లీ లేచింది, మునుపటికన్నా ఎత్తుగా. ఇక విప్పడమే.

చూడ్డానికి రానన్న ఏడుకొండలు లేచాడు. తలుపు దగ్గరికి వేశాడో లేదో, చెప్పులైనా తొడుక్కోకుండా మెట్లు దిగి పందిరి వైపు పరుగులాంటి నడకతో వెళ్లాడు.