కాంటా ఎక్కిన ఎంపీ

ధనుంజయ్ ఎంపీగా ఎదిగిన కథను బోధన్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. చక్కెర, బెల్లం అమ్మే జాఫర్ మాత్రం కిలోల్లో చెబుతాడు. మొదటిసారి గెలిచినప్పుడు యాభై నాలుగు. రెండోసారి అరవై ఒకటి. మధ్యలో రెండు ఎలక్షన్లు ఓడిపోయాడు, అప్పుడు తూచమని ఎవరూ అడగలేదు. ఆరోసారి గెలిచేనాటికి తొంభై రెండు. ఢిల్లీ నీళ్లు బాగా పడ్డాయని జాఫర్ అంటే బజారంతా నవ్వేది. ధనుంజయ్ కూడా నవ్వేవాడు.

ఈ లెక్కంతా జాఫర్ దగ్గర ఉండడానికి కారణం అతని కాంటా. తండ్రి నాటి ఇనుప దూలం, రెండు వైపులా గొలుసులకు వేలాడే చెక్క పళ్లేలు, తూకపు రాళ్లుగా ఇనుప బాట్లు. గెలిచిన ప్రతిసారీ ధనుంజయ్ ఒక పళ్లెంలో కూర్చునేవాడు. రెండో పళ్లెంలో అతనికి సరితూగేదాకా చక్కెర పోసి, దాన్ని జనానికి పంచేవారు.

ముప్పై ఏళ్ల కింద మొదటి తూకం చక్కెర మిల్లు గేటు ముందే జరిగింది. చెరుకు రైతులు అతన్ని భుజాల మీద మోసుకొచ్చారు. ఎడపల్లి రైతు లింగవ్వ మొదటి దోసెడు చక్కెర పోసింది. ధనుంజయ్ పళ్లెంలో లేచి నిలబడి, గొలుసు పట్టుకొని అన్న మాట జాఫర్‌కు ఇంకా చెవిలోనే ఉంది.

"బోధన్ చక్కెరతోనే తూగుత. ఇంకో ఊరి చక్కెరను నా కాంటకు ఎక్కనియ్య."

మిల్లు మూతపడి పదేళ్లు దాటింది. ఆ తర్వాత కూడా ధనుంజయ్ రెండుసార్లు గెలిచాడు. ఆ రెండు తూకాలనూ గట్టెక్కించినవి చివరి సీజన్‌లో జాఫర్ కొని పెట్టుకున్న బస్తాలే. గడ్డకట్టిన చక్కెరను రోకలితో పొడి చేసి మరీ పోశాడు. సరుకు దాచింది లాభానికి, ఖర్చయింది ఇంకొకరి మాట నిలబెట్టడానికి. మిల్లు తెరిపిస్తానని ధనుంజయ్ ప్రతిసారీ అన్నాడు, ప్రతిసారీ జాఫర్ నమ్మాడు. నమ్మకం కూడా సరుకే. మొదట్లో అగ్గువకే దొరుకుతుంది, పోనుపోను పిరమవుతుంది.

ఈ ఎండాకాలం ధనుంజయ్ మనిషి నాగేందర్ దుకాణానికి వచ్చాడు. అన్న పార్లమెంటు మెట్లెక్కి ముప్పై ఏళ్లయిందని పెద్ద సభ పెడుతున్నారు, మళ్లీ తూకం ఉంటుంది. మహారాష్ట్ర నుంచి రెండు బస్తాల చక్కెర తెప్పించారు. దాన్ని పాత బోధన్ సంచుల్లోకి మార్చాలి. మిల్లు ముద్ర ఉన్న ఖాళీ సంచులు జాఫర్ దగ్గర ఉన్నాయని అందరికీ తెలుసు.

"సంచి మనది, సరుకు పక్క రాష్ట్రానిది. మరి అన్న చెప్పిన మాట?" అన్నాడు జాఫర్.

"చక్కెర చక్కెరే కద భాయ్. నాలుకకు ఊరు తెలుస్తదా?"

"నాలుకకు తెల్వకపోవచ్చు. తూచేటోనికి తెలుస్తది."

నాగేందర్ గొంతు పెంచలేదు. గోడల వైపు ఒకసారి చూసి, ఈ దుకాణం మడిగె కిరాయి గడువు దసరాకు అయిపోతుంది కదా అన్నాడు. ఆ మడిగె నాగేందర్ మేనమామది. జాఫర్ ముప్పై రెండేళ్లుగా అందులోనే కిరాయికి ఉన్నాడు. కాంటా కడతానని జాఫర్ చెప్పాడు, సంచుల సంగతి ఎత్తలేదు. ఎత్తలేదంటే ఒప్పుకున్నట్టేననుకొని నాగేందర్ వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య రబియాకు అంతా చెప్పాడు. ఆమె చాలాసేపు గొణిగింది. చోటు మారితే ఆర్నెల్లలో గిరాకీలు ముఖం మరిచిపోతారని, ఈ వయసులో కొత్త అడ్డా ఎవరిస్తారని, అయినా లెక్కలు తనకంటే ఆయనకే ఎక్కువ తెలుసని. గొణుగుతూనే లోపలికి పోయి స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. రంజాన్ పండుగ షీర్ ఖుర్మా కోసం ఆమె దాచుకున్న బోధన్ చక్కెర అది. పండుగకు వేరే చక్కెర సరిపోతుందని మాత్రం అంది.

జాఫర్ ఆ డబ్బాలోని చక్కెరను తూచి చూశాడు. రెండున్నర కిలోలు. తర్వాత తన లెక్క తాను వేసుకున్నాడు. మడిగె పోతే కాంటాను ఇంకోచోట కట్టుకోవచ్చు. కాంటా మాట పోతే దాన్ని ఎక్కడ కట్టాలి?

సభ రోజు మైదానం నిండింది. మహారాష్ట్ర బస్తాలు వేదిక పక్కన దుప్పటి కప్పుకొని ఉన్నాయి. సంచులేవని నాగేందర్ అడిగితే, సంచులు ఇంట్లో ఉన్నాయి, చక్కెర తెచ్చానని జాఫర్ జవాబిచ్చాడు.

ఇద్దరు రెక్కలు పట్టుకుంటే ధనుంజయ్ పళ్లెంలో కూర్చున్నాడు. అతని పళ్లెం నేలకు తగిలింది, రెండోది తలలకు పైకి లేచింది. జాఫర్ స్టూలెక్కి డబ్బా మొత్తం ఒంపాడు. అడుగున తట్టి, చివరి పలుకు కూడా రాలేదాకా చూశాడు. పళ్లెం కదలలేదు. ఇంకా వస్తుందని జనం ఎదురుచూశారు. జాఫర్ స్టూలు దిగి చేతులు దులుపుకున్నాడు.

నాగేందర్ దగ్గరికొచ్చి పళ్లు బిగించి, బస్తాలు విప్పమన్నాడు. జాఫర్ ఎంపీ వైపు తిరిగాడు.

"ధనుంజయన్నా, బోధన్ చక్కెరతోనే తూగుతనని మీరే అన్నరు. నాకు దొరికింది గింతే. రెండున్నర కిలోలు. దీంట్ల ఏం కలుపలే."

ముందు వరసలోంచి లింగవ్వ లేచింది. ఇప్పుడామెకు డెబ్బై దాటాయి, చెరుకు పోయాక వరి వేస్తోంది. కర్ర పొడుచుకుంటూ వచ్చి బస్తాల మీది దుప్పటి ఎత్తి చూసింది.

"దీంట్ల ఏమున్నది బిడ్డా?"

"బయటి చక్కెర అవ్వా" అన్నాడు జాఫర్.

"మిల్లు పోయినకాడికెళ్లి గదే తింటున్నం. గిక్కడ గూడ గదేనా?"

ధనుంజయ్ తల ఎత్తి, పైన వేలాడే పళ్లెం వైపు చూశాడు. ఎంత పరికించినా చక్కెర కనబడదు, చెక్క అడుగే కనబడుతుంది.

"తెరిపిద్దామనే అనుకున్న జాఫర్" అన్నాడు మెల్లగా. "ప్రతిసారి అనుకున్న."

"అనుకున్నదానికి బాటు లేదన్నా. కాంటకు ఎక్కిందే తూగుతది."

ధనుంజయ్ లేవబోయాడు. పళ్లెం ఊగింది. చెయ్యి చాపితే జాఫరే పట్టుకొని లేపాడు. ముప్పై ఏళ్ల పరిచయానికి ఆ చెయ్యి ఇచ్చాడు, అంతకుమించి ఇవ్వలేదు. లింగవ్వ కిందికి దిగిన చక్కెర పళ్లెం దగ్గరికి పోయి, వరసలో వచ్చినవాళ్లకు చిటికెడు చిటికెడు పంచింది. అయిపోయాక ఉత్త చేతులు చూపించింది. బస్తాలు కుట్లు విప్పకుండానే వెనక్కి పోయాయి.

సాయంత్రమే నాగేందర్ మడిగె తాళంచెవి కోసం వచ్చాడు. జాఫర్ గల్లా దగ్గర నుంచి లేవలేదు.

"గడువు దసరాదాంక ఉన్నది. అప్పటిదాంక రోజు తెరుస్త. తెల్లారి కాంట బయట కడుత, అందరికి కనవడాలె."

అన్నట్టే తెల్లవారి దూలాన్ని ముందరి వేపకొమ్మకు కట్టాడు. బెల్లం కోసం నవీపేట్ నుంచి వచ్చిన హన్మండ్లు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎంపీసాబ్‌ను తూచింది గీ కాంటనేనా?"

"ఆఁ, గిదే" అన్నాడు జాఫర్, బాట్లు తుడుస్తూ. "ఎక్కుతవా?"