పడవకు కొట్టిన కొబ్బరికాయ

మా ఆయన గిరిధర్‌కు ముత్తియాల్‌పేటలో వలలూ తాళ్లూ అమ్మే కొట్టుంది. సముద్రంతో ఆయన పరిచయం అంతవరకే. అలాంటి మనిషి కడలూరులో పాత ఫైబర్ పడవ కొన్నాడు. కొన్న బండిని ఇంటికి తెచ్చేటప్పుడు ఆలుమగలిద్దరూ అందులోనే రావాలని మా ఇళ్లలో ఆచారం. పడవ బండి కాదు మొర్రో అన్నా మా అత్తగారు వినలేదు. నాకు ఈత రాదంటే ఆచారం మాత్రం వింటుందా? మా పాప అర్చితను ఆమె దగ్గర వదిలి ఎక్కాను.

పడవ నడిపే దొరైస్వామి డీజిల్ తేవడానికి వెళ్లినప్పుడు, మా ఆయన కొబ్బరికాయను కొట్టు గడపరాయికి కొట్టినట్టు పడవ ముక్కుకేసి ఫెడీమని కొట్టాడు.

తీరం దూరమయ్యాక నా పాదాలకు చల్లగా తగిలింది. తుంపర్లనుకున్నాను. చూస్తుండగానే చీలమండలు మునిగాయి.

దొరైస్వామి ముందుకు పాకి చూశాడు. ముక్కు దగ్గర పాత అతుకు విచ్చుకుంది.

"అణ్ణా, టెంకాయ యాడ కొట్టినావు?"

మా ఆయన వేలు చూపించాడు.

"అయ్యో కడవుళే, దేవుడా! మేం లంగరు మీద కొడతాం. పడవకేసి ఎవురన్నా కొడతారా?"

"ఒడ్డుకు తిప్పు!" అని అరిచాను.

"ఈడ అలలు పెద్దవక్కా, బోల్తా పడతాది. మన వైతికుప్పం రేవు దాకా మెల్లంగా పోవాల్సిందే. గుడ్డ కుక్కి తొక్కిపట్టు."

మా ఆయన పంచె విప్పి ఇచ్చాడు. దాన్ని కుక్కి మడమతో తొక్కాను. ఆయన డ్రాయరుతో నిలబడి నీళ్లు తోడుతుంటే, ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. నేను పోతే పోతాను, కానీ ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం. ఇది మునిగితే అర్చితకు అమ్మా నాన్నా ఒక్కసారే పోతారు. ఎవరో ఒకరం ఒడ్డున ఉండాల్సింది. దేవుళ్లందరికీ మొక్కాను, ఆచారం పెట్టినవాళ్లను తిట్టాను. అల కొట్టినప్పుడల్లా మడమ కింద గుడ్డ కదిలేది.

చివరికి పడవ వైతికుప్పం ఇసుకలోకి ఎక్కి ఆగింది. మా ఆయన దిగి కూలబడ్డాడు.

"వచ్చేసినాం అక్కా, దిగు," అన్నాడు దొరైస్వామి.

నా కాలు లేవలేదు.

మా కోసం ఒడ్డున కాచుకుని ఉన్న నాయనమ్మ చెయ్యి విడిపించుకుని అర్చిత పరుగెత్తుకొచ్చింది, ఎక్కించుకోమని చేతులు చాచింది. పడవ ఇసుక మీదే ఉందని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా, "ఎక్కొద్దు, దూరంగా పో!" అని బిడ్డ మీద అరిచి, మడమను ఇంకా గట్టిగా నొక్కాను.