గట్టు మీద కేక

ఇరుగు చల్లన, పొరుగు చల్లన అనుకునే రకం కాదు సరస్వతమ్మ. అనుకుందామని ఒకటి రెండుసార్లు చూసింది గానీ, ఆ పొరుగున ఉన్నది నందిని అయిపోయింది. నందిని నవ్వు వినబడితే చాలు, ఈమె కడుపులో ఎవరో ఎండుమిరపకాయలు నూరినట్టుండేది.

ఇద్దరూ తోడికోడళ్ళే. పుంగనూరు దగ్గరి ఆ ఊళ్ళో అన్నదమ్ములు వేరుపడ్డాక పొలం మధ్యన గట్టొకటి లేచింది. గట్టుకు ఇటు సరస్వతమ్మ టమోటా తోట. అటు చిన్నకోడలు నందిని మల్బరీ తోట, దాని వెనక పట్టుపురుగుల షెడ్డు. నందిని మొగుడు గురుమూర్తి కుప్పంలో గ్రానైటు పాలిష్ పనికి కుదిరి వారానికోసారి ఇంటికొస్తాడు. ఈ పంటకు పట్టుగూళ్ళు బాగా దిగితే ఆ పని మానుకుని వచ్చేసి, ఇద్దరూ కలిసి పురుగులే పెంచుకోవాలని వాళ్ళ ఆశ.

ఉన్నదాన్నిబట్టి సంతోషం వచ్చేదైతే నవ్వాల్సింది సరస్వతమ్మే. మొగుడు దేవరాజులు కళ్ళెదుటే ఉంటాడు. మొన్న మదనపల్లె మార్కెట్టులో వాళ్ళ టమోటాకు మంచి ధర పలికింది. ఏం లాభం? ఇంకో మడి వేసుంటే బాగుండేదని ఆ పూటంతా ఏడ్చింది. నందినికేమో కిందటి పంట పురుగులన్నీ రోగమొచ్చి చచ్చాయి. వాటిని గుంట తీసి పూడ్చి, స్నానం చేసొచ్చి, సాయంత్రం సంగటి కెలుకుతూ పాట అందుకుంది మహాతల్లి! సరస్వతమ్మ చూడలేక తలుపేసుకుంది.

"కొందరికి దేవుడు పుట్టేటప్పుడే నవ్విచ్చి పంపిస్తాడు. నాకేమో ఈ మొగమిచ్చినాడు" అని మొగుడితో అంటే, ఆయన "నందినిని సూసి నేర్సుకోరాదా" అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే. కన్నకూతురు కీర్తన కూడా బడి నుంచి రాగానే సంచి విసిరేసి చిన్నమ్మ దగ్గరికే పరుగు.

ఆ రెండు తోటల మధ్య ఒక కట్టుబాటుంది. టమోటాకు పురుగుమందు కొట్టేముందు గట్టెక్కి కేకేయాలి. అప్పుడు నందిని కావలసిన ఆకు ముందే కోసుకుంటుంది. తర్వాత కొన్నాళ్ళు ఆ పక్క సాళ్ళ జోలికి పోదు. మందు గాలికి తేలి మల్బరీ మీద పడిందంటే, ఆ ఆకు తిన్న పురుగు బతకదు.

ఆ రోజు పొద్దున సరస్వతమ్మ మందు డబ్బా వీపున వేసుకుని గట్టెక్కింది. కేకేయబోయింది. షెడ్డు ముందర నందిని ఫోనులో మొగుడితో పకపకా నవ్వుతోంది. "నాలుగో జొరం లేసినాయి! మేత మీద మేత తింటాండాయి. ఇంగ వారంలో గూళ్ళే. నువ్వు మూటాముల్లె సర్దుకో!" పురుగు గూడు కట్టేముందు చివరిసారి కుబుసం విడవడాన్ని అక్కడ నాలుగో జ్వరమంటారు. అది దాటితే పంట చేతికొచ్చినట్టే.

సరస్వతమ్మ కేక గొంతులోనే ఉండిపోయింది. గాలి అటే వీస్తోంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. పెద్ద గాలేం కాదులే అని సర్దిచెప్పుకుని, గట్టు వారగా టమోటా సాళ్ళన్నీ తడిసేలా మందు కొట్టింది. ఈ ఒక్కసారి ఏడవనీ, అప్పుడు చూస్తాను ఆ నవ్వెక్కడికి పోతుందో! నిజంగా అలాగే అనుకుంది.

ఎండెక్కాక గట్టు పక్కన డబ్బా కడుగుతుంటే అవతల కొడవలి చప్పుడు వినబడింది. నందిని సరిగ్గా గట్టు పక్క మల్బరీ సాళ్ళలోనే ఆకు కోస్తోంది. సరస్వతమ్మ తల వంచుకుని డబ్బా తోముతూ కూర్చుంది. కాసేపటికి కొడవలి ఆగింది. తర్వాత ఏడుపు వినబడింది.

కొమ్మలు తప్పించి చూసింది. నందిని ఆకు మోపు పక్కన చతికిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని వెక్కుతోంది. "కిందటి తూరి మాదిరి ఈ పంట కూడా పోతే ఆ మనిషికి నేనేం సెప్పేది సామీ..." ఎంతోసేపు కాదు. కళ్ళు తుడుచుకుంది. చెంపలు రెండూ తట్టుకుంది. ఎదురుగా ఎవరో ఉన్నట్టు తనను తానే గదమాయించుకుంది. "లేయ్ నందినీ. ఈపొద్దుటికి ఏడ్సింది సాలు. పురుగులకు ఆకలయితాండాది. నవ్వు మొగం పెట్టు. అది పెడితేనే నీకు కాలూ సెయ్యీ ఆడేది."

లేచింది. మోపు నెత్తికెత్తుకుని, కూనిరాగం తీస్తూ షెడ్డుకేసి నడిచింది.

సరస్వతమ్మ డబ్బా కింద పెట్టేసింది. దేవుడిచ్చిన నవ్వని ఇన్నాళ్ళూ కళ్ళలో నిప్పులు పోసుకుంది. ఇది రోజూ కూడగట్టుకునే నవ్వా! కూడగట్టుకుంటే తనకూ వచ్చేదేనా! ఆ ఊహకు కుళ్ళు రెట్టింపైంది. దాంతోపాటే భయమూ పట్టుకుంది.

"నందినీ! ఆ ఆకు ఏయొద్దు!" గట్టు దూకి పరుగెత్తింది. "మందు పడింది దాని మీద!"

నందిని గుమ్మంలోనే మోపు పడేసింది. "నువ్వు కేకేయలేదే అక్కా?"

"ఏయలేదు."

"మర్సిపోయినావా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "లేదు. నీ నవ్వు సూసి ఓర్సుకోలేక ఏయలేదు."

నందిని వెనక్కి తిరిగి షెడ్డులోకి చూసింది. లోపల తట్టల్లో పురుగులు మేత కోసం తలలెత్తి వెతుకుతున్నాయి.

సరస్వతమ్మ బోరు కింద నిలబడి ఒంటికంటిన మందు పోయేలా తలారా స్నానం చేసి, చీర మార్చుకుని, ఊరవతల మునిచంద్ర మల్బరీ తోటకు పోయింది. నీళ్ళ తగాదాతో ఏడాదిగా అతనితో మాటల్లేవు. అయినా చేతులు జోడించి ఆకు అడిగింది. తానే కోసి, ఎండలో మోసుకొచ్చింది. షెడ్డు గుమ్మం దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి.

నందిని మోపు అందుకుని, ఒక ఆకు నలిపి వాసన చూసింది. మరో ఆకు కూడా చూసింది. ఇంతకుముందు అక్క ఏమిచ్చినా అలా చూసేది కాదు. తర్వాత ఆకు తట్టల మీద పరిచింది. పురుగులు తినడం మొదలుపెట్టాయి.

సరస్వతమ్మ కదల్లేదు. ఏ నవ్వు చెవిన పడకూడదని ఇన్నాళ్ళూ కోరుకుందో, అది ఒక్కసారి వినబడితే ఇంటికి పోదామని నిలబడింది.

"ఒక్క మాటన్నా అనవే. తిట్టనన్నా తిట్టు."

నందిని తల తిప్పలేదు. ఆకు పరుస్తూనే ఉంది.

"ఈపొద్దు నా సేత కాదక్కా. రేపు నవ్వుతాలే. నువ్వు పో."