తడి వాకిట్లో ఒక్క అక్షరం

చెన్నై చింతాద్రిపేటలోనే పుట్టి పెరిగి యాభై దాటిన భువనేశ్వరికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు. బడిచదువంతా తమిళంలో సాగింది. ఎన్నోసార్లు తెలుగు వాచకం కొని, రోజుకో పాఠమని పంతం పట్టింది. వారం తిరక్కుండానే పుస్తకం మూలపడేది. ఆ పైన దాన్ని చూస్తేనే సిగ్గు.

మేడమీద అద్దెకుంటున్న రాజమండ్రి పిల్ల ఉజ్వల ఓ సాయంత్రం ఈ గోడు విన్నది.

"పాఠాలొద్దు ఆంటీ. పొద్దున్నే ముగ్గు ఎలాగూ వేస్తారుగా, దాని పక్కన ఒక్క అక్షరం వేసి లోపలికొచ్చేయండి."

"ఒక్కటేనా? దాంతో ఏమొస్తాది పాపా?"

"ఏమీ రాకపోయినా పర్లేదు."

మర్నాడు తెల్లవారకముందే భువనేశ్వరి తడి వాకిట్లో 'అ' వేసింది. కూవం నది మీది మంచు వీధిలోకి పాకివస్తోంది. ఆ మసక వెలుగులో అక్షరం ముడుచుకుని పడుకున్న పిల్లిలా ఉంది. దానికి నిద్రాభంగమవుతుందేమోనన్నట్టు మెల్లగా తలుపు చేరవేసింది.

రానురాను అక్షరాలు కలల్లోకీ వచ్చాయి. 'ల' నీళ్లమీద తేలేది, 'ఊ' తోక ఊపేది. గుణింతాల్లో పడ్డాక వానలు పట్టుకున్నాయి. వాటితోపాటే జ్వరమూ. వాకిలి బోసిపోయింది.

"చూస్తివా, నేనెప్పుడూ ఇంతే. ఉత్త సోంబేరిని," అంది మంచంమీంచి.

ఉజ్వల మిరియాల కషాయం చేతికిస్తూ, "నాకు జ్వరమొచ్చి ఆఫీసు మానేస్తే నన్నూ ఇలాగే తిడతారా?" అనడిగింది.

"నిన్నెందుకు తిట్టేది? పాపం, పడుకోమంటా."

అనేసి భువనేశ్వరి చేతిలోని కషాయంకేసి చూసింది. ఆ 'పాపం' అన్న మాట తనని తాను ఎప్పుడూ అనుకున్నది కాదు. కషాయం వెచ్చగా గొంతు దిగింది. కళ్లు మూసుకుంది.

ఒళ్లు కుదుటపడ్డాక, పోయిన రోజుల ఊసెత్తకుండా, ఆగిన అక్షరం దగ్గరే మళ్లీ ముగ్గుపిండి పట్టుకుంది. తప్పిన పొద్దులు తర్వాతా ఉన్నాయి. వాటినీ అలాగే పోనిచ్చింది.

ఎండలు మొదలైన ఓ ఉదయం, అటకమీది ఇత్తడి బిందె దించి చింతపండుతో తోముతుంటే, మెడ చుట్టూ గీతలు మెరిశాయి. ఇన్నేళ్లూ నగిషీ అనుకున్నవే. వేలు ముగ్గు వేసినట్టే వాటి వెంట కదిలింది.

"రం... గ... నా... య... కి."

వీధి చప్పుళ్లన్నీ ఎక్కడో దూరంగా తేలిపోయాయి. తడిచేతులతోనే బిందెను గుండెకు ఆనించుకుంది.

"ఉజ్వలా! కిందకి రా పాపా! ఈడ మా అవ్వ పేరుండాది!"