పసుపు మీద పడిన నింద

నల్లప్ప వ్యానుకు పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో ఒక్క అమావాస్య కూడా తప్పకుండా రామక్క దాని రెండు హెడ్‌లైట్లకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. చలిజ్వరం వచ్చిన అమావాస్యనాడు కూడా గోడ పట్టుకుని వచ్చి పెట్టింది. మొగుడు ఆ బండిలో పొద్దున పోయి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరుతున్నాడంటే ఆ రెండు బొట్ల చలవేనని ఆమె నమ్మకం.

ఆ వారం నల్లప్ప బండికి ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ పరీక్ష చేయించుకుందామని పెనుకొండ నుంచి హిందూపురం ఆర్టీఓ ఆఫీసుకు పోయాడు. "లైట్లు పసుప్పచ్చగా మసకేసినాయి, వెలుతురు బయటికి రావడంలేదు, బాగుచేయించుకొని శుక్రవారం తీసుకురా" అని అక్కడ తిప్పి పంపారు. పసుప్పచ్చ అన్న మాట చెవిన పడగానే నల్లప్పకు దోషి దొరికిపోయింది. ఆలోచన కంటే నోరు ముందు నడిచే మనిషి కదా, ఊరికే ఉండలేదు. పెనుకొండ బస్టాండు దగ్గర టీ అంగట్లో చెప్పాడు. తను పట్టుచీరల మూటలు చేరవేసే ధర్మవరం వ్యాపారి చంద్ర దగ్గరికి పోయి అక్కడా చెప్పాడు.

"మా ఇంటామె పసుపు రుద్ది రుద్ది రెండు లైట్లనూ గుడ్డివి చేసి పెట్టింది సావుకారీ."

రెండు చోట్లా నవ్వారు. పాల ప్యాకెట్టు కోసం టీ అంగడికి పోయిన పక్కింటి యల్లక్క ఆ నవ్వును మోసుకొచ్చి, నల్లప్ప ఇల్లు చేరకముందే రామక్క ముందు దించింది.

మొగుడు తిట్టినా రామక్క పడేది, కొట్టినంత పని చేసినా సర్దుకునేది. దేవుణ్ణి తలుచుకుని చేసిన పనిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఎట్లా ఓర్చుకోవడం? ఏడవలేదు, అరవలేదు. నేరుగా వంటింట్లోకి పోయింది.

ఆ రాత్రి కంచంలోకి పప్పు తెల్లగా వచ్చింది.

"దీంట్లో పసుపు యాడ పోయింది?" అన్నాడు నల్లప్ప.

"పసుపు తగిలితే మసకేస్తాదంట కదా. నీ కడుపన్నా తేటగా ఉండనీ అని ఎయ్యలేదు."

మర్నాడు తెల్ల పులుసు. ఆ మర్నాడు కోడికూర కూడా జబ్బుపడి లేచినదాని మాదిరి పాలిపోయి వచ్చింది. నల్లప్ప దాన్నీ దులిపేశాడుగాని, ముక్క ముక్కకూ భార్య మొహం వైపు చూశాడు. ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

ఈ మధ్యలో ఫోన్లో ఏదో వీడియో చూసి లైట్లకు ఇంట్లో ఉన్న పళ్లపేస్టంతా రుద్దాడు. ఒక పూట మెరిశాయి. తెల్లారేసరికి మళ్లీ అదే మసక. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఉప్పుతో పళ్లు తోముకున్నారు.

గురువారం నల్లప్ప హిందూపురం బయల్దేరుతుంటే రామక్క అడగకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకు?"

"నా పసుపు సంగతేందో తేల్చుకోడానికి."

ఖాజాసాబ్ హిందూపురంలో బండ్లకు పెయింటు కొట్టే మనిషి. ముప్పయ్యేళ్లుగా మొగుడూ పెళ్లాలు కలిసొచ్చిన బండ్లు చాలానే చూశాడు. అందుకే రామక్క "ఇది పసుపేనా సాబూ, నువ్వే చెప్పు" అని నిలదీస్తే నీళ్లు నమిలాడు.

"పసుపో, ఇంకోటో. రుద్దితే పోతాదిలే అక్కా."

"పోయేది కాదు నేనడిగింది. ఏం పోతాండాదో చెప్పు."

ఖాజాసాబ్ నల్లప్ప వైపు చూశాడు. నల్లప్ప ఆకాశం వైపు చూశాడు. ఇక వీళ్లతో కాదని రామక్క చుట్టూ చూసింది. చేతుల గ్రీజు కడుక్కునే తొట్టి పక్కన బట్టల సబ్బు ముక్క కనబడింది. దాన్ని తడిపి తెచ్చింది. పసుపుబట్టలు ఉతికిన ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే, సబ్బు తగిలితే పసుపు ఎర్రగా తిరుగుతుంది. ముందు బంపరు మూలలో గడ్డకట్టిన పాత పసుపు మీద సబ్బు రుద్దింది. నిమిషంలో అది దిష్టినీళ్లంత ఎర్రబడింది. తర్వాత లైటు మీద రుద్దింది. నురగ తెల్లగా వచ్చింది. ఇంకా గట్టిగా రుద్దింది. ఇంకా తెల్లగా వచ్చింది.

"యాడప్పా ఎరుపు? చూపీ," అంది మొగుడితో.

పక్క షెడ్ల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇక దాచి లాభం లేదని ఖాజాసాబ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇది ప్లాస్టిక్కు గదన్నా. ఎండకు మాడి పైపొర పసుప్పచ్చగా తిరుగుతాది. బండి యాడ నిలబెడతావు?"

నల్లప్ప ఇంటి పక్కన రేకుల కొట్టం ఉంది. అందులో పెట్టమని రామక్క ఎన్నేళ్లుగానో పోరుతోంది. కొట్టంలో పెడితే అద్దం మీద రాయించుకున్న తన పేరు రోడ్డున పోయేవాళ్లకు కనబడదని, ఆయన పడమటి ఎండకు ఎదురుగా నిలబెడతాడు.

ఖాజాసాబ్ లైట్ల చుట్టూ టేపు అంటించి, నీళ్లు చల్లుతూ వాటర్ పేపరనే శాండ్‌పేపరుతో రుద్దాడు. మొదట గరుకుది, పిమ్మట సన్నది, ఆఖరుకు చేతికి తెలియనంత నున్ననిది. మాడిన పొర పాలనీళ్లుగా కారిపోయింది. పాలిష్ పట్టి, పైన రంగులేని క్లియర్ కోటు కొట్టేసరికి లోపలి బల్బు కొత్తగా కనబడింది. రాత్రికి ఇద్దరూ హిందూపురంలోనే ఆగారు. మర్నాడు ఎఫ్‌సీ కూడా అయిపోయింది. నల్లప్ప ఈల వేసుకుంటూ బండి ఎక్కాడు.

"ఇంటికి కాదు," అంది రామక్క. "యాడాడ చెప్పినావో ఆడాడికి పోనీ."

పెనుకొండ టీ అంగడి దగ్గర నల్లప్ప దిగి, గ్లాసులోకి చూస్తూ, "పసుపు కాదంటప్పా, ఎండంట," అని గొణిగాడు. మళ్లీ బండెక్కి హమ్మయ్య అనుకున్నాడు.

"ఎండ దానంతటదే వచ్చి మన లైట్లను పట్టుకుందా?" అంది రామక్క. ధర్మవరం దారి చూపించింది.

ధర్మవరంలో చంద్ర అంగట్లో పరుపు మీద కూర్చుని ఉన్నాడు. భార్య సంగీత చీరలు మడతపెడుతోంది. ఆయన కొన్న కొత్త కారు బయట ఎండలో తళతళలాడుతోంది. ఒక్క బొట్టయినా లేదు. నల్లప్ప కథ విన్నాక చంద్ర పెళ్లాన్ని పసుపు గిన్నెతో కారు దగ్గరికి రానివ్వడం లేదని సంగీత రామక్క చెవిలో చెప్పింది. తన నింద ఇంకొక ఆడమనిషి నెత్తిన కూడా పడిందని తెలిసి రామక్క తన మొగుడి వైపు ఒక్క చూపు చూసింది.

ఆ చూపుకు నల్లప్ప భుజాలు దిగిపోయాయి. ఈసారి గొణగలేదు.

"సావుకారీ, నేను చెప్పింది తప్పు. పసుపుతో ఏమీ కాలా. ఎండకు చెడిపోయినాయి. ఎండలో నిలబెట్టింది నేను. వద్దు వద్దని చెప్పింది ఈమె."

సంగీత చేతిలోని చీర మడత ఆగిపోయింది. చంద్ర పెళ్లాన్ని చూశాడు, బయట కారును చూశాడు. పరుపు మీంచి లేచి, తాళంచెవి తీసుకుని, కారును నీడలో పెట్టడానికి పోయాడు.