రెండో రిమోట్

మిద్దె మీద బట్టలు ఆరేసి, ఎండిన మిరపకాయలకు తొడిమలు తీసి కిందికి దిగేసరికి మా అత్త పద్మమ్మ గడప దగ్గర కూర్చుని ఉల్లిగడ్డల పొట్టు దులుపుతోంది.

"సూడు ఉమా, ఐదు కిలోలు! పాత సామాన్లోడు వస్తే ఆ షట్టర్ టీవీ డొక్కు ఇచ్చి తీస్కున్న. పీడ పోయింది, అర్ర ఖాళీ అయింది" అంది సంబరంగా.

అడ్డంగా జరిపే చెక్క తలుపున్న ఆ డొక్కులో టీవీ లేదు. లోపలి సామానంతా ఎప్పుడో తీసేశారు. షట్టర్ వెనక ఉన్నవన్నీ నావి. ముప్పై ఒక్క వీడియో గేమ్ రిమోట్లు, పద్నాలుగు క్యాసెట్లు, మూత పగిలిన రెండు ఆట డబ్బాలు. ఏడేళ్లుగా ఒక్కొక్కటే తెచ్చుకున్నవి. సూర్యాపేట సంతలో కొన్ని, కోదాడకు పెళ్లికి పోయినప్పుడు బస్టాండు వెనక కొన్ని, ఎక్కువ మా మిర్యాలగూడలోనే మోతీబాయి పాత సామాన్ల కొట్టులో. ఐదుకో పదికో వచ్చేవి. పిల్లలు సెల్‌ఫోన్లలో పడ్డాక వాటిని అడిగేవాళ్లే లేరు.

"అవి నావి అత్తమ్మా" అన్నాను.

"నీవేంది, నీ అవ్వగారింటికెంచి తెచ్చినవా? పిల్లలు లేని ఇంట్ల ఆటసామాన్లు దాస్తే నలుగురు నవ్వరా? పొద్దుగూకితే నగేష్ దోస్తులొస్తరు. ఉల్లిగడ్డలు కొయ్యి, కూరల బాగ పడతయ్."

నా భర్త నగేష్‌కు ఫోన్ చేశాను. మిల్లులో వడ్ల మిషన్ చప్పుడు మీదుగా అతని నవ్వు వినిపించింది. "ఐదు కిలోలా? మా అమ్మ గట్టిదే. ఆ చెత్తకు ఒక్క గడ్డే ఎక్కువ" అని పెట్టేశాడు. ఉల్లిగడ్డలు కోస్తే కళ్లనీళ్లొస్తాయంటారు. ఆ రోజు ఐదు కిలోల్లో సగం కోశాను, ఒక్క చుక్క రాలేదు. లోపల మండుతుంటే కళ్లదాకా ఏమొస్తుంది?

ఈ పిచ్చి నాకెందుకు పట్టిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పెళ్లయిన ఏడాదికి, అంటే రెండువేల నాలుగులో, నగేష్ ఒక వీడియో గేమ్ కొన్నాడు. టీవీకి తగిలిస్తే బాక్సింగ్ ఆట వచ్చేది. దానికి రెండు రిమోట్లు. మొదటిదానికి మధ్యలో స్టార్ట్ బటన్ ఉంటుంది. ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా అదే నొక్కాలి. రెండోదానికి ఆ బటనే ఉండదు. రెండోది ఎవరి చేతికి వచ్చేదో వేరే చెప్పాలా?

దోస్తులొచ్చినప్పుడల్లా నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టేవాడు. "చేత్తోని కొడితే కేసయితది, గీడ కొడితే కాదు. సూడుండ్రి" అనేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా. మెల్లగా నాకు ఆట పట్టుబడింది. అతని బొమ్మ నాలుగు దెబ్బలు తిని తూలడం మొదలుపెట్టగానే స్టార్ట్ నొక్కి ఆపేసేవాడు. "పో, చాయ్ పెట్టుకరా." నేను స్టవ్ ముందు ఉండగా మళ్లీ నొక్కేవాడు. కదలకుండా నిలబడ్డ నా బొమ్మను తీరిగ్గా కొట్టేవాడు. చాయ్ తెచ్చేసరికి అది నేల మీద పడి ఉండేది. "నువ్వే లేకపోతివి" అనేవాడు. తొమ్మిదేళ్లలో నేను గెలిచిన ఆట ఒక్కటీ లేదు.

అందుకే మొదటి రిమోట్ కోసం వెతికాను. మోతీబాయి కొట్టులో గుట్టలు గుట్టలుగా ఉండేవి, కానీ బాగున్నవన్నీ రెండోవే. మొదటివి నొక్కి నొక్కి చచ్చిపోయి ఉండేవి. "ఏందమ్మా, అన్ని సచ్చినవే ఏరుకుంటవ్?" అని మోతీబాయి నవ్వేది. మధ్యాహ్నం అత్త పడుకున్న గంటలో వాటిని విప్పేదాన్ని. బటన్ల కింది నల్ల రబ్బరు కడిగి, పచ్చ పలక మీది గీతలు స్పిరిట్‌తో తుడిచి, ఒకదాని వైరు ఇంకోదానికి అతికేదాన్ని. అరిగిపోయిన పన్నెండు రిమోట్లలోంచి మంచి ముక్కలు ఏరితే ఒకటి తయారైంది. వంటపాత్రలు తోమే చేతులతోనే చేశాను. ఆ గంట మాత్రం నన్నెవరూ పిలవలేదు. నాకు మిగిలింది ఆ గంటే. దాన్ని మా అత్త ఉల్లిగడ్డలకు ఇచ్చేసింది.

ఒక్కటి మాత్రం పోలేదు. నేను చేసిన ఆ రిమోట్‌ను షట్టర్ టీవీలో పెట్టలేదు, కందిపప్పు డబ్బాలో దాచాను. ఆ ఇంట్లో కందిపప్పు డబ్బా మూత నేను తప్ప ఎవరూ తీయరు.

సాయంత్రం ప్రభాకర్, పరశురాములు వచ్చారు. ఇద్దరూ నగేష్‌తో మిల్లులో పనిచేసేవాళ్లే. కూర ఉడుకుతుండగా నగేష్ ఎప్పట్లాగే కేకేశాడు. "ఉమా, రా, జర తన్నులు తినిపో!"

చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లాను. అతని మొదటి రిమోట్ పీకి పక్కన పెట్టి, ఆ చోట నాది గుచ్చాను. రెండోది అతని చేతిలో పెట్టాను.

"గిదేంది?"

"నేను చేసుకున్న రిమోట్. సామాన్లోనికి దొరకలే" అని స్టార్ట్ నొక్కాను.

మొదటి రౌండ్‌లో అతని బొమ్మ రెండుసార్లు పడింది. దోస్తులు నవ్వారు, ఈసారి అతన్ని చూసి. రెండో రౌండ్‌లో అతని బొటనవేలు రిమోట్ మధ్యలో తడుముకోవడం చూశాను. అక్కడ ఉత్త ప్లాస్టిక్. లేచి స్విచ్ దిక్కు పోబోయాడు.

"అరే, ఓడిపోతుంటే బంద్ చేస్తవా? ఆడదాని ముందట ఇజ్జత్ తీయకు, కూసో" అన్నాడు ప్రభాకర్. నగేష్ కూర్చున్నాడు.

వంటింట్లోంచి అత్త పిలిచింది. "ఉమా, కూర మాడుతున్నట్టుంది, సూడు!"

"ఆటల ఉన్న అత్తమ్మా, మీరే దించుండ్రి."

తెర మీద అతని బొమ్మ మూలకు చేరి తూలుతోంది. నగేష్ నా వైపు వంగాడు. "ఆపు ఉమా... జర ఆపవా?" అన్నాడు, నాకొక్కదానికే వినపడేటట్టు.

ఇన్నేళ్లలో అతను నన్ను అడగడం అదే మొదటిసారి. మిగతావన్నీ చెప్పినవే. నా బొటనవేలు స్టార్ట్ బటన్ మీదే ఉంది. అక్కణ్నుంచి తీసి, కొట్టే బటన్ మీద పెట్టాను.