అయస్కాంతానికి లొంగని వాల్వులు

మేనమామ షెడ్డులో మేనకోడలికి ఇంజన్ల పని ఉంటుందో ఊడుతుందో ఆ ఉదయం బిగించబోయే వాల్వులే తేల్చాలి. గ్యాసుతో నడిచే ఒక టాక్సీలో ఏడాది తిరక్కుండానే రెండుసార్లు, ఇంజన్లోంచి పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోయాయి. రెండుసార్లూ బిగించింది ఆమే. మూడోసారి కాలితే ఇక బ్రేకుల పని చూసుకోమని మామయ్య ముందే చెప్పేశాడు. ఆమెకు మాత్రం తన చేతి మీద ఇసుమంత అనుమానం లేదు.

“బిగింపులో ఏం లేదు మామయ్యా, లోహంలోనే ఉంది. గ్యాసు బండిలో ఆ వాల్వు నిప్పులా కాగుతుంది. మామూలు స్టీలు ఆగదు,” అంది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది,” అన్నాడు మామయ్య.

అన్నాడే గానీ, ఈసారి ఆమె చెప్పిన రకమే తెప్పించాడు. పట్టుదలలో ఆమె కూడా ఆ ఇంటి పిల్లే కదా. పెట్టె విప్పగానే జేబులోంచి అయస్కాంతం తీశాడు. ముప్పై ఏళ్లుగా వాల్వులకు ఆయన పెట్టే పరీక్ష అదొక్కటే. అంటుకుంటే అసలు, అంటకపోతే నకిలీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అయస్కాంతం పుట్టగొడుగులాంటి ఆ వాల్వు కాడకు టక్కున అతుక్కుంది. తలకు పెడితే జారి కిందపడింది.

“సగం దొంగ సరుకు. వెనక్కి పంపెయ్.”

స్టూలు మీద కూర్చున్న టాక్సీ డ్రైవరు లేచాడు. “ఇంకో వారం బండి ఆపుకోలేను మేస్త్రీ. వేరే షెడ్డు చూసుకుంటాను.”

“ఒక్క పది నిమిషాలు కూర్చోండి,” అని మేనకోడలు మామయ్య వైపు తిరిగింది. “తలలో నికెలు, క్రోమియం బాగా కలుపుతారు. అందుకే అయస్కాంతానికి అంటదు, వేడికీ లొంగదు. కాడకి అంత వేడి తగలదు, అరక్కుండా ఉంటే చాలు. అందుకే దానికి వేరే స్టీలు. నా మాట నమ్మొద్దు, మీ సుత్తితోనే చూడండి.”

అలమరలో మామయ్య అయస్కాంతంతో ఏరి దాచిన వాల్వుల్లోంచి ఒకటి తీసింది. కొత్త పెట్టెలో అదనంగా వచ్చినది ఇంకొకటి. మొదట పాతదాని తలను మంటలో ఎర్రగా కాల్చి, పట్టుకారుతో ఇనుప దిమ్మ మీద పెట్టింది. మామయ్య ఒక్క దెబ్బ వేశాడు. అంచు తడిమట్టిలా అణిగిపోయింది. కొత్తదాన్నీ అంతే ఎర్రగా కాల్చింది. సుత్తి ఖంగుమంది. అంచున గోటి గీతంత మచ్చ పడింది. ఆయనకు కోపం వచ్చి ఇంకోటి వేశాడు. ఇంకో గీత పడింది.

మామయ్య సుత్తి పక్కన పెట్టి, మూలనున్న డబ్బాలోంచి టాక్సీలో కాలిపోయిన వాల్వులు తీశాడు. ఒక్కొక్కదాని తలకూ అయస్కాంతం ఆనించాడు. అన్నీ అంటుకున్నాయి. ఆయన వాటిని తిప్పి తిప్పి చూశాడు. ఇన్నేళ్లలో నకిలీవని తిప్పి పంపిన పెట్టెలు గుర్తొస్తున్నాయని మేనకోడలికి అర్థమైంది. దెప్పడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

మామయ్య డ్రైవరు దగ్గరికి నడిచాడు.

“రెండుసార్లూ కాలినవి నేను ఏరినవే. అమ్మాయి చేతిలో తప్పేం లేదు. మద్దెల నిజంగానే ఓడు. కొనుక్కొచ్చింది నేను.”

ఏడాదిగా మోస్తున్న నింద దిగిపోయి ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరూ చూడకుండా ఇంజను మీదికి వంగింది.

“సాయంత్రానికి బండి తీసుకెళ్లండి,” అంది డ్రైవరుతో.

మామయ్య అయస్కాంతం తెచ్చి ఆమె నట్ల పళ్లెంలో పడేశాడు. “కిందపడినవి ఏరుకోడానికి పనికొస్తుంది,” అన్నాడు.